మాటకారి కాని అల్లుడికి అత్తవారింటి సంక్రాంతి

చిత్తూరు వైపు చిన్న కుటుంబంలో ఒక్కడే కొడుకుగా పెరిగి, ఇప్పుడు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్న మీకు, బసవనగుడిలోని అత్తవారింట్లో సంక్రాంతి మూడు రోజులూ పాతిక మంది మధ్య గడపడం భారంగా ఉంటోందని రాశారు. విస్తరి ముందు కూర్చుంటే బలవంతపు వడ్డనలు, లేస్తే తంబోలా, పేకాట. కిందటి ఏడాది ఆట మధ్యలో లేచి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నందుకు మామగారు నొచ్చుకున్నారనీ, ఇంటికి వచ్చాక మీ దంపతుల మధ్య చాలా రోజులు మాటలు లేవనీ అన్నారు. ఈసారి సంతోషంగా ఉన్నట్టు నటించాలా, ఏదో ఒక సాకు చెప్పి మానుకోవాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. మూడు రోజుల నటన ఎవరి వల్లా కాదు, మీ భార్య తొలి పూటే పసిగడతారు. ఇక అల్లుడు పండుగకు రాకపోతే, వచ్చిన ప్రతి బంధువుకూ సంజాయిషీ చెప్పుకోవలసింది మీ అత్తమామలు.

తిండి, ఆటలు అని మొదలుపెట్టినా, మీ లేఖలో అడుగడుగునా కనిపించేది మీ తోడల్లుడే. ఆయన అడిగి మరీ గారెలు వేయించుకుంటారు, తంబోలాలో ప్రతి అంకెకూ ఒక చమత్కారం కడతారు, మరదళ్ళను ఆటపట్టిస్తారు. అందరూ ఆయన చుట్టూ చేరితే మీరు మీ ఫోను చూసుకుంటారు. మిమ్మల్ని బాధిస్తున్నది అరిసెలూ పేకముక్కలూ కావు, ఆ పోలిక. అయితే ఆ పోలిక మీ అత్తవారు తెచ్చినట్టు మీరు ఎక్కడా రాయలేదు. మాటకారితనం ఆయన సొత్తు, దానితో పోటీకి దిగితే మీరు ఏటా ఓడిపోతారు. మీ స్వభావానికి తగిన చోటు ఆ ఇంట్లోనే మరొకటి వెతుక్కోవాలి.

భోజనం దగ్గర మొదలుపెట్టండి. కొసరి వడ్డించే అత్తగారు ఎదురుచూసేది, తన వంట అల్లుడికి నచ్చిందన్న ఒక్క మాట కోసం. నాలుగో వడ్డనకు విస్తరి మీద చేతులు అడ్డం పెట్టే కంటే, మొదటిసారే 'కొంచెం వెయ్యండి అత్తయ్యగారూ, కావాలంటే నేనే అడుగుతాను' అని చెప్పి, నచ్చినదాన్ని నిజంగానే మరొకసారి అడగండి. కనుమనాడు మినుము తినాలంటారు కాబట్టి ఆ రోజు గారెలు తప్పవు. రెండు తిని బాగున్నాయని చెబితే, పది తిని ముఖం ముడుచుకోవడం కంటే వారికి ఎక్కువ తృప్తి.

మీ ఊరి పితికిన పప్పు అంటే మీకు ప్రాణమని కూడా రాశారు. జనవరిలో గాంధీబజారులో అవరెకాయలకు, అంటే చిక్కుడు జాతికి చెందిన మీ అనపకాయలకు, కొదవ ఉండదు. పండుగకు ముందే అత్తగారికి ఫోను చేసి అది చేయమని అడగండి, కాయలు మీరే తీసుకువెళ్ళండి. వలిచి రాత్రి నానబెట్టిన గింజలను ఉదయం పళ్ళెంలో పోసుకొని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటే నొక్కుతూ పప్పును తొక్కలోంచి జార్చడం గంటల తరబడి సాగే పని. నలుగురు చుట్టూ కూర్చుంటే గానీ తెమలదు, పైగా ఎవరూ మిమ్మల్ని అదే పనిగా మాట్లాడమని అడగరు. అల్లుడు వంటపనికి కూర్చోవడమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఇలాంటి చోటనే మితభాషికి మాటలు వాటంతట అవే వస్తాయి.

ఆటల విషయంలోనూ అంతే. తంబోలాలో టికెట్టు పట్టుకొని నవ్వుల మధ్య కూర్చోలేకపోతే, ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు తీసి చదివే బాధ్యత మీరు తీసుకోండి. చేతిలో పని ఉన్నప్పుడు పదిమందిలో ఉండటం సులువు. మీ భార్య అమ్మమ్మగారు అష్టాచమ్మా బాగా ఆడతారన్నారు. ఆమెతో ఒక ఆట వేయండి. గవ్వలు నాలుగూ బోర్లా పడి అష్టా వచ్చిందని పెద్దావిడ కేక వేస్తుంటే, పిల్లలు పిలవకుండానే చుట్టూ చేరతారు. డబ్బు పెట్టి ఆడే పేకాట సంగతి వేరు. అది మీకు ఇష్టం లేకపోతే 'నేను ఆడను బావా' అని నవ్వుతూ చెప్పి ఊరుకోండి, కారణాలు చెప్పబోతే వాదన పెరుగుతుంది. బావమరుదుల వేళాకోళాన్ని కొంత ఓర్చుకోవాలి గానీ, మీ జీతం, మీ తల్లిదండ్రులు హాస్యానికి వస్తువులైతే ఓర్చుకోనక్కరలేదు.

మీ భార్యతో ముందుగా మాట్లాడండి. పుట్టింటి గడప తొక్కగానే ఆమె అక్కచెల్లెళ్ళలో కలిసిపోవడం సహజమే. అయినా భోజనానికి మీ పక్కన కూర్చోమనీ, సాయంత్రం ఒక అరగంట మీతో బ్యూగుల్‌రాక్ పార్కు దాకా నడిచి రమ్మనీ అడగడంలో తప్పు లేదు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోవడానికీ, భార్యతో కలిసి నడకకు వెళ్ళడానికీ మామగారి దృష్టిలో చాలా తేడా ఉంటుంది. కిందటి ఏటి సంగతి ఆయనతో మీరే ఎత్తండి. 'అంత సందడి నాకు అలవాటు లేక లేచి వెళ్ళాను, మిమ్మల్ని నొప్పించాలని కాదు మామయ్యగారూ' అంటే చాలు, అది కూడా పండుగ గుంపులో కాకుండా ముందే ఫోనులో.

కనుమ సాయంత్రమే తిరిగి వచ్చేయవచ్చునా అని చివర అడిగారు. ఆనాడు కాకి కూడా కదలదని నమ్మే ఇంట్లో ఆ ప్రస్తావన తెస్తే మళ్ళీ నొచ్చుకుంటారు. ముక్కనుమ ఉదయం బయలుదేరండి, ఆ మాట భోగినాడే మీ భార్య చేత చెప్పించండి.