సోలార్ సెయిల్‌ను ఎండ ఎంత బలంతో తోస్తుంది?

ప్రశ్న: పది మీటర్ల భుజం ఉన్న చదరపు సోలార్ సెయిల్ (సూర్యకాంతి తోపుతో అంతరిక్ష నౌకను నడిపే పలుచని తెర) మీద సూర్యకాంతి బలం లెక్క కడితే నాకు 0.45 మిల్లీన్యూటన్లు వచ్చింది, మా స్నేహితుడికి 0.91. ఎవరిది ఒప్పు? సెయిల్‌ను వాలిస్తే ఒక కొసైన్ వేయాలా, రెండా? మేడ మీద ప్రయోగం చేసి చూపొచ్చా?
— బీఎస్సీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. మీది నల్లటి సెయిల్, అతనిది అద్దం లాంటిది.

భూమి దూరంలో, వాతావరణం పైన, చదరపు మీటరుకు 1,361 వాట్ల ఎండ పడుతుంది. దాన్ని కాంతివేగంతో (సెకనుకు 3×10⁸ మీటర్లు) భాగిస్తే పీడనం చదరపు మీటరుకు 4.54 మైక్రోన్యూటన్లు. వంద చదరపు మీటర్లకు 0.454 మిల్లీన్యూటన్లు. కాంతిని మింగేస్తే ఇంతే. పూర్తిగా వెనక్కి తిప్పికొడితే ద్రవ్యవేగంలో మార్పు రెట్టింపు కాబట్టి 0.908. అల్యూమినియం పూత 88 శాతం పరావర్తనం చేస్తుందనుకుంటే 1.88తో గుణించండి: 0.854. కాంతివేగాన్ని కిలోమీటర్లలో వేసి వెయ్యి రెట్లు తప్పేవాళ్లు చాలామంది, చూసుకోండి.

వాలిస్తే రెండు కొసైన్లు. ఒకటి, ఎండకు ఎదురుగా ఉండే వైశాల్యం తగ్గినందుకు; రెండోది, ద్రవ్యవేగంలో సెయిల్‌కు లంబంగా ఉన్న భాగమే తిరగబడుతుంది కాబట్టి. 35 డిగ్రీలకు 0.908 × 0.671 = 0.609. అసలు చిక్కు దిశ దగ్గరుంది. అద్దం సెయిల్‌పై బలం కిరణం వెంట కాదు, సెయిల్‌కు లంబంగా పనిచేస్తుంది. కక్ష్య మార్చాలంటే కావలసింది కిరణానికి అడ్డంగా ఉన్న భాగం. దానికి సైన్‌తో కూడా గుణించాలి: 0.35 మిల్లీన్యూటన్లు. ఆ భాగం గరిష్ఠమయ్యేదీ 35 డిగ్రీల దగ్గరే.

ఇవన్నీ ముడతల్లేని చదును సెయిల్‌కే. జపాన్ 2010లో పంపిన ఇకారోస్ సెయిల్ వైశాల్యం సుమారు 196 చదరపు మీటర్లు. ఆదర్శ లెక్క 1.78 మిల్లీన్యూటన్లు, కొలిచింది 1.12. ముడతలు, వంపు, మధ్యలో సోలార్ సెల్స్ లాంటి అద్దం కాని భాగాలు ఉన్నప్పుడు పూర్తి బలం ఆశించకూడదు.

మీ పది మీటర్ల సెయిల్‌తో కలిపి నౌక మొత్తం బరువు పది కిలోలైతే, సూర్యుడికి ఎదురుగా నిలిపిన ఆదర్శ సెయిల్ త్వరణం సెకనుకు సెకనుకు 0.00009 మీటర్లు. రోజంతా తోస్తే వేగం సెకనుకు 7.8 మీటర్లు మారుతుంది. శుక్రుడి దూరంలో దాదాపు రెట్టింపు.

మేడ మీద మాత్రం వద్దు. మే నెల మిట్టమధ్యాహ్నం తిరుపతి ఎండ ఎంత మండినా నేలను చేరేది చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లే. మీటరు చదరం రేకు మీద 6.7 మైక్రోన్యూటన్లు, అంటే 0.7 మిల్లీగ్రాముల బరువంత. సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే పిల్లగాలి దానికి లక్ష రెట్లు తోస్తుంది. గాజు బుడగలో రెక్కలు తిరిగే రేడియోమీటరును చూపి మురిసిపోకండి. అది నల్లటి వైపు వెనక్కి జరిగేలా తిరుగుతుంది. కాంతి పీడనమైతే మెరిసే వైపు వెనక్కి పోవాలి. దాన్ని తిప్పేది బుడగలో మిగిలిన కాస్త గాలే.