ఎలుకలో జన్యువును తీసేసే ముందు

ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

అమ్మలూ,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేనరికం చేసుకున్న ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకూ పుట్టుచెముడు, ఇద్దరిలోనూ ఒకే జన్యువు రెండు కాపీలూ దెబ్బతిన్నాయి, కాబట్టి దాన్ని ఎలుకలో తీసేసి చూస్తానన్నావు. చెయ్యాల్సిన పనే. మేనరికంలో పుట్టిన పిల్లలకు రెండు కాపీలూ ఒకేలా వచ్చిన జన్యువులు చాలా ఉంటాయి. అందులో నేరం దేనిదో ఆ ఒక్క కుటుంబాన్ని చూసి తేల్చలేం.

ముందు ఏ జాతి ఎలుకో ఆలోచించు. అందరూ వాడే బ్లాక్ 6 జాతికి సీడీహెచ్23 అనే జన్యువులో పుట్టుకతోనే లోపం ఉంది. కొన్ని నెలలు గడిస్తే దానంతట దానికే వినికిడి తగ్గిపోతుంది. ఆరు నెలల ఎలుకను పరీక్షించి చెవుడు వచ్చిందని రాస్తే, అది నీ జన్యువు వల్లో జాతి వల్లో ఎవరు చెప్పగలరు? వీలైతే వినికిడి నిలిచే సీబీఏ జాతిలోకి బ్యాక్‌క్రాస్ చెయ్యి, అంటే తరం తర్వాత తరం ఆ జాతితోనే జత కట్టించు. కుదరకపోతే చిన్న వయసులోనే పరీక్షలు ముగించు.

జాతి ఏదైనా, పోల్చాల్సింది అదే కాన్పులో పుట్టిన మామూలు పిల్లతో. నాకౌట్ ఎలుక (జన్యువు రెండు కాపీలూ తీసేసినది) మీద ఎంత శ్రద్ధ పెడతావో దాని తోబుట్టువు మీదా అంతే పెట్టాలి. బయట కొన్న ఎలుకతో పోలిస్తే నేను ఒప్పుకోను. మూడో వారం తల్లి నుంచి వేరుచేసేటప్పుడు చెవి అంచు నుంచి చిన్న ముక్క (చెవి పంచ్) తీసి, దాని డీఎన్ఏలో ఆ జన్యువు ఉందో పోయిందో చూసే పీసీఆర్ పరీక్ష పెట్టు. డీఎన్ఏ ముక్కలను విడదీసి చూపే జెల్ మీద ఒక కాపీ పోయిన పిల్లకు రెండు బ్యాండ్లు (గీతలు) పడతాయి. నాకౌట్‌కు ఒకటే, మామూలు పిల్లకు వేరే ఎత్తులో ఒకటే. ఆ ఫలితం కేజ్ కార్డు మీద రాయొద్దు, నంబరు చాలు. శబ్దానికి చెవి నరం, మెదడు కాండం స్పందించే విద్యుత్ అలలను కొలిచే ఏబీఆర్ పరీక్షలో శబ్దం తగ్గిస్తూ పోతే అలలు ఎన్ని డెసిబెల్స్ దగ్గర మాయమయ్యాయో చెప్పేది చాలాసార్లు మనిషి కన్నే. ఏది నాకౌటో ముందే తెలిస్తే ఆ కన్ను ఒకవైపు మొగ్గుతుంది.

ఒక్కో కాపీ పోయిన జంటకు పుట్టిన పిల్లల్లో నాలుగో వంతు నాకౌట్‌లు ఉండాలి. కాన్పు మీద కాన్పు చూసినా ఒక్కటీ రాకపోతే కడుపులోనే పోతూ ఉండొచ్చు. టెన్షన్ పడకు. కనెక్సిన్ 26 ప్రోటీన్‌కు సంబంధించిన జీజేబీ2 జన్యువునే చూడు. మనుషుల్లో జన్యులోపం వల్ల వచ్చే పుట్టుచెముడుకు పెద్ద కారణాల్లో అదొకటి. రెండు కాపీలూ చెడినవాళ్లకు చెవుడు వస్తుంది గానీ ప్రాణానికి ముప్పు రాదు. ఎలుకలో పూర్తిగా తీసేస్తే మాత్రం పదకొండో రోజు ప్రాంతంలో పిండం చనిపోతుంది, ఎందుకంటే ఎలుక మావిలో గ్లూకోజు పిండానికి చేరాలంటే ఆ ప్రోటీన్ కావాలి. 2002లో క్రీ-లాక్స్ పద్ధతితో (జన్యువుకు రెండు వైపులా లాక్స్‌పీ అనే గుర్తులు పెడితే, క్రీ అనే ఎంజైమ్ ఉన్న కణాల్లోనే అది తెగిపోతుంది) లోపలి చెవిలో మాత్రమే తీసేస్తే ఎలుకలు బతికాయి, చెవుడూ కనబడింది. అందుకే మొదటే లాక్స్‌పీ పెట్టిన ఎలుకలు తయారు చేయించుకో. ఖర్చు ఎక్కువే, అయినా తర్వాత రెండేళ్లు మిగులుతాయి.

ఇంకోటి. మన పిల్లలు కడుపులో ఉండగానే వింటారు. ఎలుక పిల్లకు పుట్టాక పన్నెండో రోజు ప్రాంతంలో గానీ వినికిడి మొదలవ్వదు. చెవిలో ఏది ఎప్పుడు చెడిందో చూడాలంటే ఆ తొలి రెండు వారాలు వదులుకోకు.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు జత కట్టించొద్దు. జనరేటరు ఉన్న గోడ వైపు కేజ్‌లు పెట్టించొద్దు, చెవి మీద చేసే పనికి ఆ రొద శత్రువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీకు గుర్తుండే ఉంటుంది. మళ్లీ అలాంటిది వస్తే ఎలుకల వంశం పోకుండా, అవి వృద్ధి కాగానే వీర్యం ఫ్రీజ్ చేయించి, కొంత వేరే ఊళ్లోని సంస్థలో ఉంచు.

ఆ పిల్లల సంగతి మాత్రం ఎలుకల ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. చిన్నదానికి ఇంకా రెండేళ్లే అన్నావు. కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) ఎంత చిన్న వయసులో పెడితే మాటలు అంత బాగా వస్తాయి. ఈ వారమే వాళ్లమ్మను ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి నువ్వే వెంటబెట్టుకు వెళ్లు.

మీ పెదనాన్న