లీజులో పేరు లేదు, ఇల్లు మాత్రం వదలడు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. అపార్ట్‌మెంట్ లీజు నా ఒక్కడి పేరు మీదే ఉంది. ఉద్యోగం దొరికేదాకా అని వచ్చిన స్నేహితుడి తమ్ముడు ఏడు నెలలుగా ఇక్కడే ఉన్నాడు. నాలుగు నెలలు వాటా అద్దె జెల్‌లో (బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే యాప్) పంపి మానేశాడు. పొమ్మంటే పోవడం లేదు. అతను ఇంటర్వ్యూకి ఊరెళ్ళినప్పుడు తాళం మార్చేయవచ్చా?

జవాబు: తాళం జోలికి వెళ్ళకండి. వాటా అద్దె తీసుకున్నారు కాబట్టి అతను మీ ఇంటి అతిథి కాదు, మీ దగ్గర అద్దెకున్న మనిషి. చట్టం దృష్టిలో అతనికి మీరే ఇంటి ఓనరు. తాళం మార్చినా, కరెంటు ఆపినా, సామాను బయట పెట్టినా రోజుకు 100 డాలర్ల దాకా, తక్కువలో తక్కువ 250 డాలర్లు, మీరే కట్టాల్సి రావచ్చు. నష్టపరిహారం వేరు. పోలీసులను పిలిచినా కోర్టుకు వెళ్ళమనే అంటారు.

ముందు మీ లీజు చదవండి. రెండు వారాలు దాటి ఎవరైనా ఉంటే అనుమతి కావాలని చాలా లీజుల్లో ఉంటుంది. అలా ఉంటే అపార్ట్‌మెంట్ యాజమాన్యం మీకే నోటీసు ఇవ్వగలదు. వాళ్ళకు ఈ సంగతి కోర్టు కాగితాల ద్వారా తెలియడం కంటే మీరే రాసి చెప్పడం మంచిది.

అతను ఉంటున్నది ఏడాదిలోపే కాబట్టి 30 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఏడాది నిండితే 60 రోజులు అవుతుంది, పైగా చట్టం ఒప్పుకునే కారణం చూపమని అడగవచ్చు. అందుకే ఆలస్యం చేయకండి. నోటీసులో అతని పూర్తి పేరు, ఫ్లాట్ నంబరుతో చిరునామా, ఖాళీ చేయాల్సిన తేదీ, మీ సంతకం ఉండాలి. చేతికివ్వండి, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రుజువు ఉండే పోస్టు) పంపండి. వాట్సాప్ మెసేజ్ నోటీసు కాదు.

ఎక్కువ కేసులు చెడేది ఇక్కడే: గడువు తేదీ తర్వాతి రోజులకు అద్దె తీసుకుంటే నోటీసు చెల్లకుండా పోవచ్చు. జెల్ డబ్బు మీరు అడగకపోయినా ఖాతాలో పడుతుంది. పడిన వెంటనే తిప్పి పంపి, ఆ రుజువు దాచుకోండి.

గడువు దాటినా కదలకపోతే కౌంటీ (జిల్లా లాంటిది) సుపీరియర్ కోర్టులో 'అన్‌లాఫుల్ డిటెయినర్', అంటే ఇల్లు ఖాళీ చేయించే దావా వేయాలి. యూడీ-100 ఫిర్యాదు ఫారం, ఎస్‌యూఎం-130 సమన్లు కావాలి. సమన్లు మీరు స్వయంగా ఇవ్వకూడదు. కేసులో లేని, 18 ఏళ్ళు నిండిన వ్యక్తి ఇవ్వాలి. 2025 నుంచి జవాబివ్వడానికి అతనికి 10 కోర్టు పనిదినాలు ఉంటాయి. జవాబు రాకపోతే విచారణ లేకుండానే తీర్పు అడగవచ్చు. గెలిచాక షెరీఫ్ (కౌంటీ పోలీసు అధికారి) సిబ్బంది తలుపుకు 5 రోజుల నోటీసు అంటిస్తారు. ఆ తర్వాత ఖాళీ చేయించేది వాళ్ళే, మీరు కాదు.

ఇదంతా మొదలయ్యేలోపు ఒక మాట మాట్లాడి చూడండి. ఉద్యోగం లేని కుర్రాడికి కొత్త గదికి అడ్వాన్సు కట్టే దారి ఉండకపోవచ్చు. ఫలానా తేదీకి తాళంచెవులు ఇస్తే ఇంత సొమ్ము ఇస్తానని కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేయండి. తాళంచెవులు చేతికొచ్చాకే డబ్బు ఇవ్వండి. కోర్టు ఖర్చుతో పోలిస్తే ఇదే తక్కువ కావచ్చు.

అతను వదిలేసిన సామాను వెంటనే పారేయకండి. వచ్చి తీసుకెళ్ళమని లేఖ చేతికిస్తే 15 రోజులు, పోస్టులో పంపితే 18 రోజులు ఆగాలి.