ఒత్తిడిలో జింకు ఎటు పోతుంది?

ప్రశ్న: ఒత్తిడి ఎక్కువైతే మెదడులో జింకును పట్టుకునే ప్రొటీన్లు పెరుగుతాయని చదివాను. అలా పెరగడం మేలా, కీడా?

జవాబు: మీరు అడిగినవి మెటల్లోథయోనీన్లు. 1957లో గుర్రం మూత్రపిండంలో, కాడ్మియం అనే లోహంతో కలిసి మొదటిసారి దొరికాయి. చాలా చిన్న ప్రొటీన్లు. 60కి కాస్త పైన అమైనో ఆమ్లాలుంటే వాటిలో 20 సిస్టీన్లే. లోహాన్ని పట్టేది సిస్టీన్‌లోని గంధకం. ఒక్కో అణువు ఏడు జింకు అయాన్లను రెండు గుత్తులుగా పట్టుకుంటుంది, ఒక దాంట్లో మూడు, ఇంకో దాంట్లో నాలుగు.

ఒత్తిడిలో ఒంట్లో పెరిగేది కార్టిసాల్, కొవ్వులో కరిగే హార్మోను. కణం పొరను దాటేసి లోపలున్న గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ జంట కేంద్రకంలోకి వెళ్లి ఎంటీ-2 (మెటల్లోథయోనీన్లలో రెండో రకం, ఎంటీ అంటే మెటల్లోథయోనీన్) జన్యువు ముందున్న డీఎన్‌ఏ వరుస మీద కూర్చుంటే ప్రొటీన్ తయారీ జోరందుకుంటుంది. ఆ గ్రాహకం డీఎన్‌ఏను పట్టుకునే భాగంలోనూ రెండు జింకు అయాన్లుంటాయి, ఒక్కోదాన్ని నాలుగేసి సిస్టీన్లు బిగించి ఉంచుతాయి. జింకు నిల్వను పెంచమని చెప్పేవాడికే జింకు కావాలన్నమాట.

ఇక మెదడు సంగతి. ఇక్కడ ఎంటీ-1, ఎంటీ-2 ఎక్కువగా ఆస్ట్రోసైట్లలో, అంటే న్యూరాన్లకు తోడుండే కణాల్లో ఉంటాయి. ఎంటీ-3 ప్రధానంగా న్యూరాన్లది. అందులో 68 అమైనో ఆమ్లాలు. మొదటి రెండూ కార్టిసాల్‌కీ జింకుకీ పలుకుతాయి, ఎంటీ-3 ఆ తీరులో పలకదు. అందుకే ‘మెదడులో మెటల్లోథయోనీన్ పెరిగింది’ అని ఎవరన్నా ఏ రకమో, మెదడులో ఏ భాగమో అడగాలి. ఆ రెండూ చెప్పని వాక్యానికి పెద్దగా విలువ లేదు.

మేలా అంటే, చాలావరకు మేలే. విడిగా తిరిగే జింకు మోతాదు మించితే న్యూరాన్లు చస్తాయి. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో కొన్ని నరాల చివరల్లో జింకు సంచులుగా నిల్వ ఉంటుంది కాబట్టి అక్కడ ఈ కాపలా మరీ అవసరం. ఎంటీ-1, ఎంటీ-2 లేకుండా పెంచిన ఎలుకల్లో మెదడుకు రక్తం ఆగినప్పుడు దెబ్బ ఎక్కువగా తగిలింది. కానీ ఇది తాళం వేసిన పెట్టె కాదు. నైట్రిక్ ఆక్సైడ్, పెరాక్సైడ్ లాంటివి సిస్టీన్లను ఆక్సీకరిస్తే పట్టు సడలి అదే జింకు బయటికొస్తుంది. ప్రొటీన్ ఎంతుందన్నది ఒక లెక్క, దాని చేతిలో జింకు నిలిచిందా జారిందా అన్నది ఇంకో లెక్క.

ప్రశ్న: కొన్ని నెలలుగా ఒత్తిడిలో ఉన్నాను. రక్తంలో జింకు తక్కువుందని తేలింది. రోజూ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోవచ్చా?

జవాబు: మీ అంతట మీరు వద్దు. కార్టిసాల్, వాపు సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగినప్పుడు కాలేయం మెటల్లోథయోనీన్ చేసుకుని రక్తంలోని జింకును లోపలికి లాక్కుంటుంది. అప్పుడు రక్తంలో అంకె తగ్గుతుంది, ఒంట్లో జింకు మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి జ్వరం, ఇన్‌ఫెక్షన్ లేని రోజున, పొద్దున పరగడుపున, లోహాల పరీక్షకని ఇచ్చే ప్రత్యేక గొట్టంలో మళ్లీ రక్తం ఇవ్వండి. ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ పరీక్ష కూడా చేయించుకోండి. ఎర్రకణాలు పగిలితే వాటిలోని జింకు కలిసి అంకె తప్పుగా పెరుగుతుంది, అలాంటి నమూనాను నమ్మకూడదు.

పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 10 మిల్లీగ్రాములు, ఆహారం, మాత్రలు అన్నీ కలిపి 40 దాటకూడదని సాధారణంగా పెట్టే హద్దు. మించితే పేగు గోడలో మెటల్లోథయోనీన్ పెరుగుతుంది. అది జింకు కన్నా రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పేగు కణాలు రాలిపోయేటప్పుడు ఆ రాగీ మలంతో పోతుంది. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధిలో అదనపు రాగిని తగ్గించడానికి జింకు ఇచ్చేది ఈ కిటుకు మీదే. ఆ వ్యాధి లేనివాళ్లు నెలల తరబడి మించి వేసుకుంటే రాగి కొరవడి రక్తహీనత, తెల్లకణాలు తగ్గడం, కాళ్ల తిమ్మిర్లు, నడక తూలడం రావచ్చు. నరాలకు తగిలిన దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు కూడా.

ప్రశ్న: ఎలుకల్లో నిర్బంధ ఒత్తిడి ప్రయోగం చేస్తున్నాను. కంట్రోల్ (ఒత్తిడి పెట్టని) జంతువుల్లోనూ మెటల్లోథయోనీన్ ఎక్కువే వస్తోంది, ప్రొటీన్‌ను గీతగా చూపే బ్లాట్ పరీక్షలో మాత్రం గీత కనబడటం లేదు.

జవాబు: ముందు కంట్రోల్ సంగతి. కదలకుండా గొట్టంలో బంధించినంతసేపు ఎలుకకు మేత, నీరు ఉండవు. ఉపవాసమే కాలేయంలో ఈ ప్రొటీన్‌ను పెంచుతుంది. కాబట్టి కంట్రోల్ గుంపుకూ సరిగ్గా అన్నే గంటలు మేత, నీరు తీసెయ్యాలి, లేకపోతే మీరు కొలిచింది ఆకలినా ఒత్తిడినా తేలదు. మీకు మేత తియ్యకుండానే కంట్రోల్ పెరిగిందంటే చేతితో పట్టడం, గది మార్చడం, మత్తు వీటిని అనుమానించండి. వారం ముందు నుంచే రోజూ పట్టి అలవాటు చెయ్యండి. ఎలుకలు రాత్రి తిరిగేవి, వాటిలో కార్టిసాల్ పని చేసే కార్టికోస్టెరాన్ సాయంత్రం, దీపాలు ఆరే వేళకి ఎక్కుతుంది. అన్నిటినీ పొద్దునే ఒకే గంటలో కోయండి. జన్యువు నకలైన ఎంఆర్‌ఎన్‌ఏ కొన్ని గంటల్లోనే లేస్తుంది, ప్రొటీన్ దాని వెనకాల వస్తుంది. రెండింటికీ ఒకే సమయం పెట్టుకోకండి.

బ్లాట్‌లో గీత రాకపోవడానికి ప్రొటీన్ చిన్నదవడమే కారణం, 6, 7 కిలోడాల్టన్లే. 0.45 మైక్రాన్ రంధ్రాలున్న పొరలోంచి ఇట్టే దాటిపోతుంది. 0.2 మైక్రాన్ పొర వాడి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక గ్లూటరాల్డిహైడ్‌తో కట్టేయండి. బఫర్‌లో మెర్‌కాప్టోఎథనాల్ తప్పనిసరి, లేకపోతే సిస్టీన్లు జతకట్టి గీత పైకి పాకి మసకబారుతుంది. ప్రొటీన్‌కు కాడ్మియం ఎక్కించి కొలిచే పరీక్ష చేసేటట్టయితే మాత్రం ఆ నమూనాలో ఈడీటీఏ పెట్టకండి, మీరు కొలవబోయే లోహాన్ని అదే లాగేస్తుంది. ప్రొటీన్లను కాంతి పీల్చుకోవడంతో కొలిచే 280 నానోమీటర్ల దగ్గర కూడా వెతకకండి. ఈ ప్రొటీన్‌లో ట్రిప్టోఫాన్, టైరోసిన్ లేవు, అక్కడేమీ కనబడదు. జింకు రూపం 220 దగ్గర, కాడ్మియం ఎక్కించినది 254 దగ్గర చూడాలి.