ఆ పాత మేడల్లో ఏముంది?

ప్రశ్న: గుండ్రటి మూలలున్న పాత మేడల్ని ఆర్ట్ డెకో శైలి కట్టడాలని తెగ మెచ్చుకుంటున్నారు. కోటలూ గుళ్లూ అంటే సరే, వీటిలో చూడ్డానికి ఏముందండీ?

జవాబు: ముందు తల పైకెత్తండి, ఎందుకంటే కింది అంతస్తంతా షాపుల బోర్డులు కప్పేసి ఉంటాయి, అసలు అందం పైనే. కిటికీల మీద కనురెప్పల్లా సాగే సన్నటి సన్‌షేడ్లు, ఓడలో ఉండేలాంటి రెయిలింగులు, గ్రిల్లులో సూర్యకిరణాల డిజైను... ఆర్ట్ డెకో అన్న పేరు 1925 నాటి పారిస్ కళా ప్రదర్శన నుంచి వచ్చింది. ముంబయిలో ఇలాంటి మేడల వరసలు 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి, మనకేమో అవి పాత అపార్ట్‌మెంట్లే!

అలంకారాలు వద్దనుకుని సాదాగా కట్టిన మోడర్నిస్టు కట్టడాలైతే ఇంకా మొండివి, నగలేమీ పెట్టుకోవు. వాటిని సాయంత్రం ఏటవాలు ఎండలో చూడండి, ఆ కాంక్రీటు మీద నీడలే అలంకారం.