సైకాలజీ పేపర్లు దొరకడం లేదా? ముందు మాట మార్చి వెతుకు

మాస్టర్స్‌లో చేరి రెండు నెలలైంది, లిటరేచర్ రివ్యూ (టాపిక్ మీద ఇప్పటిదాకా వచ్చిన పేపర్లు చదివి కూర్చడం) ముందుకు కదలడం లేదు, ఏం కొట్టినా వేల పేపర్లు వస్తున్నాయి కానీ పనికొచ్చేది ఒక్కటీ లేదని రాశావు చెల్లీ. టెన్షన్ పడకు. అమెరికా వచ్చిన కొత్తలో నేనూ ఇక్కడే చిక్కుకున్నాను. టాపిక్ కూడా దాదాపు నీదే: చదువుకోడానికి వచ్చిన మన పిల్లల్లో డిప్రెషన్.

అప్పట్లో 'ఇండియన్ స్టూడెంట్స్ డిప్రెషన్' అని కొట్టి, ఒక సాయంత్రమంతా కూర్చుని సారాంశాలు చదివాను. సగానికి సగం ఇక్కడి ఆదివాసుల గురించే. ఈ దేశపు పరిశోధనల్లో 'అమెరికన్ ఇండియన్' అంటే వాళ్లు. మనం 'ఏషియన్ ఇండియన్' కింద ఉంటాం, లేదంటే 'సౌత్ ఏషియన్'లో కలిసిపోయి ఉంటాం. పాత పేపర్లలో 'ఫారిన్ స్టూడెంట్స్' అని కూడా ఉంటుంది. నీ మనసులో ఉన్న మాట డేటాబేస్‌కి తెలియదు, పేపర్ రాసినవాళ్లు వాడిన మాటే తెలుసు.

అందుకే ముందు ఒక కాగితం తీసుకుని మూడు గడులు గియ్యి. మొదటి దాంట్లో ఎవరు, రెండో దాంట్లో సమస్య, మూడో దాంట్లో కారణం. నీ టాపిక్‌కి మూడో గడిలో ఇంటి మీద బెంగ ఉందనుకో, 'హోమ్‌సిక్‌నెస్'తో ఆగకుండా 'అకల్చరేటివ్ స్ట్రెస్' (కొత్త సంస్కృతికి అలవాటుపడడంలో వచ్చే ఒత్తిడి) కూడా రాసుకో. వెతికేటప్పుడు ఒకే గడిలోని మాటల మధ్య 'ఆర్' (ఏ ఒక్కటున్నా చాలు), గడికీ గడికీ మధ్య 'అండ్' (అన్నీ ఉండాలి). రెండు మూడు మాటలు కలిసే రావాలంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టు. 'డిప్రెస్' దాకా ఇంగ్లీషులో రాసి చివర నక్షత్రం గుర్తు పెడితే డిప్రెషన్, డిప్రెస్డ్, డిప్రెసివ్ అన్నీ వస్తాయి.

గూగుల్ స్కాలర్ ఒక్కదాని మీదే ఆధారపడకు. మీ లైబ్రరీ సైట్‌లో సైక్‌ఇన్ఫో అనే సైకాలజీ పేపర్ల డేటాబేస్ ఉందేమో చూడు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్లది, 1927లో మొదలైన 'సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్' అనే సారాంశాల పత్రిక నుంచి పెరిగింది. దాన్ని అందించే సైట్లు ఎబ్స్కో, ప్రోక్వెస్ట్, ఓవిడ్... మీ యూనివర్సిటీ ఏది కొంటే ఆ రూపంలో కనిపిస్తుంది. అందులో థెసారస్ అని ఉంటుంది, నీ మాట అందులో కొడితే వాళ్లు ఖాయం చేసిన మాట, దానికి పైనున్న విశాలమైన మాట, కిందున్న ఇరుకైన మాట చూపిస్తుంది. నా పని దారిలో పడింది అక్కడే. వైద్య పేపర్ల డేటాబేస్ పబ్‌మెడ్‌లో ఇదే పనికి మెష్ అనే మాటల జాబితా ఉంది, అది అందరికీ ఉచితం. అయితే ఖాయం చేసిన మాటలతో మాత్రమే వెతికితే, ఇంకా ఆ ముద్ర పడని కొత్త పేపర్లు జారిపోతాయి. మామూలు మాటలూ పక్కన ఉంచు.

మంచి పేపర్ ఒకటి దొరికిందా, సగం పని అయినట్టే. దాని చివర ఉన్న రిఫరెన్సుల జాబితా చూడు, తర్వాత గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' నొక్కి దాన్ని వాడుకున్న కొత్త పేపర్లు చూడు. ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి కూర్చిన సిస్టమాటిక్ రివ్యూ దొరికితే ఇంకా మేలు, వాళ్లు ఏ మాటలతో వెతికారో అందులోనే ఉంటుంది.

'ఫుల్ టెక్స్ట్' గడిలో టిక్ పెట్టకు. ఆ డేటాబేస్‌లో పూర్తి పాఠం లేని మంచి పేపర్లన్నీ ఆ టిక్‌తో మాయమవుతాయి. ముప్పై నలభై డాలర్లు కట్టమని పేజీ వస్తే కార్డు బయటికి తీయకు, వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఇంటర్‌లైబ్రరీ లోన్ పెట్టు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థికి ఉచితం, పీడీఎఫ్ మెయిల్‌కే వస్తుంది.

ఇంకొక్క మాట. మన కాలేజీల్లో లైబ్రేరియన్‌ని అడగాలంటే జంకు, అదే ఇక్కడికీ మోసుకొస్తాం. ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో సైకాలజీకి విడిగా ఒక లైబ్రేరియన్ ఉంటారు, నీలాంటివాళ్లతో కూర్చోవడం వాళ్ల ఉద్యోగం. నేను ఒక సెమిస్టర్ ఆలస్యంగా వెళ్లాను, నువ్వు ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకో. ఆ మూడు గడుల కాగితం చేత్తో పట్టుకెళ్లు.