పులికాట్ నుంచి తెచ్చిన క్రోమైడ్ చేపలు మేత ముట్టడం లేదు. ఇంట్లో గుడ్లు పెడతాయా?

ఆరు ఆరెంజ్ క్రోమైడ్‌లు తెచ్చి పది రోజులైందని, మూలన నక్కి గింజల మేత (కొన్న పెల్లెట్లు) ముట్టడం లేదని, ఇక గుడ్లు పెట్టడం కలేనా అని అడిగారు. పెడతాయండీ. చెన్నై అంబత్తూరులో మా ఇంట్లో మూడుసార్లు పెట్టాయి. కానీ ముందు అవి తినాలి. గుడ్లు పెట్టించడం కంటే అదే పెద్ద పని.

నాది సూళ్లూరుపేట, పులికాట్ మాకు పెరటి చెరువు లాంటిది. మొదటిసారి జాలర్లు వల దులుపుతుంటే పక్కన పడేసిన పిల్లల్ని అడిగి ఏడింటిని తెచ్చుకున్నాను. (మీరే వల వేద్దామనుకోకండి, అది పక్షుల అభయారణ్యం.) పాలిథిన్ సంచిలో పెట్టుకుని లోకల్ ట్రైన్‌లో తెచ్చి, రాగానే బోరు నీళ్లు నింపిన అక్వేరియం ట్యాంకులో గుమ్మరించేశాను. తెల్లారేసరికి నాలుగు వెల్లకిలా తేలాయి.

ఇప్పుడైతే సంచి నీళ్లతో సహా బకెట్లో పోసి, ఎయిర్ పంప్ గొట్టానికి ఒక ముడి వేసి, ట్యాంకు నీళ్లు బొట్టు బొట్టుగా రెండు మూడు గంటలు పడనిస్తాను. బకెట్లో నీళ్లు మూడింతలయ్యాకే చేపల్ని జాలీతో ట్యాంకులోకి మారుస్తాను. ఆ బకెట్ నీళ్లు మాత్రం ట్యాంకులో కలపను.

మీరు ఆర్‌వో నీళ్లు వాడుతున్నానని గొప్పగా రాశారు. మానేయండి. పులికాట్ నీళ్లు వానాకాలంలో చప్పబడతాయి, ఎండాకాలంలో ఉప్పెక్కుతాయి. ఆ మార్పు నెమ్మదిగా వస్తే ఈ చేపలు తట్టుకుంటాయి, కానీ ఖనిజాలు దాదాపు లేని నీళ్లు వీటికి పడవు. మా బోరు టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 900 పైనే, మేం తాగలేం, వీటికి మాత్రం హాయి. వారానికి పావు వంతు చొప్పున బోరు నీళ్లలోకి మార్చుకుంటూ రండి. లీటరుకు ఒక గ్రాము అయోడిన్ లేని రాళ్లుప్పు కరిగించి పోస్తే ఇంకా మంచిది. మెట్రో వాటర్ (చెన్నై కుళాయి నీళ్లు) అయితే క్లోరిన్ పోగొట్టకుండా పోయొద్దు. హీటర్ గోల చెన్నైలో లేదు.

ఇక మేత. సరస్సులో పెరిగిన చేప గింజను తిండిగా గుర్తుపట్టదు. గింజ దాని లెక్కలో ఇసుక రేణువు. బాల్కనీలో ఒక బకెట్ నీళ్లు పెట్టి, అందులో పుట్టే దోమ పురుగుల్ని టీ వడకట్టుతో తీసి వేశాను. మా ఆవిడ దానికి దోమల ఫ్యాక్టరీ అని పేరు పెట్టింది. నిజమే, రెండు రోజులకోసారి పూర్తిగా వడకట్టకపోతే ఇంటిల్లిపాదికీ డెంగీ టెన్షన్. వారం తర్వాత పురుగులతో పాటు నానిన గింజలు నాలుగు వేయడం మొదలుపెట్టాను. మూడో వారానికి ఒక చేప పొరపాటున గింజ మింగింది. దాన్ని చూసి మిగతావీ వచ్చాయి. ఈలోగా లైటు తగ్గించి, ట్యాంకు వెనక నల్ల కాగితం అంటించి, రెండు కుండ పెంకులు ఏటవాలుగా పెట్టండి.

ఆ పెంకులే తర్వాత పురిటి గది. ఆడా మగా పోల్చడం కష్టం కాబట్టి ఆరింటినీ కలిపే ఉంచండి, జంట అవే కడతాయి. కట్టిన జంటకు గొంతు, పొట్ట కింద నలుపెక్కుతుంది, మిగతావాటిని తరుముతుంది. పెంకు లోపలి వైపు తేనె రంగు గుడ్లు, ఒక్కోటీ సన్నటి కాడతో అంటుకుని వేలాడుతూ, రెండు వందల దాకా ఉంటాయి. రెండూ వంతులేసుకుని రెక్కలతో విసురుతాయి. మూడు రోజులకు పిల్లలు వస్తాయి, వాటిని నోటితో ఎత్తి ఇసుక గుంటలోకి మారుస్తాయి. మరో వారంలో ఈదుతాయి.

మొదటి విడతలో తల్లిదండ్రులు తినేస్తాయని భయపడి పిల్లల్ని వేరే డబ్బాలోకి తీశాను. పదో వంతు కూడా మిగల్లేదు. రెండోసారి కదపకుండా చూస్తే, పిల్లలన్నీ తల్లీ తండ్రీ ఒంటికి ఆవాలు చల్లినట్టు అతుక్కుని పక్కల్ని పొడుస్తున్నాయి. దెబ్బలాట కాదది, ఒంటి మీది జిగురును తింటున్నాయి. అది వాటి చనుబాలనుకోండి. దానితో పాటు అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్యల లాంటి జీవులు) రోజుకు మూడుసార్లు వేస్తే చాలు. ఫిల్టర్ మాత్రం స్పాంజ్‌దే ఉండాలి, లేకపోతే పిల్లలు అందులోకే పోతాయి.

ఇంకో మాట, వాటిలో ఆకుపచ్చగా, చారలతో ఉన్నది ఏదైనా ఉందేమో చూడండి. అది కేరళవాళ్లు కరిమీన్ అనే జాతి, జానెడుకు మించి పెరుగుతుంది. ఆరెంజ్ క్రోమైడ్ మూడంగుళాల దగ్గరే ఆగుతుంది. మీ ట్యాంకు ఎన్ని లీటర్లో రాయలేదు. నూరు లీటర్ల లోపైతే జంట కట్టిన రోజే మిగతా నాలుగింటినీ పక్కకు తీయాలి, లేకపోతే వాటి తోకలు మిగలవు.